స్లైడర్ కదిపితే ఏం జరగాలి?

చిరంజీవికి,

డేటాను విశ్లేషించి ప్లాట్లు (గ్రాఫులు) గీసే వెబ్ యాప్‌ను కట్టడానికి ఏ పైథాన్ ఫ్రేమ్‌వర్క్ (యాప్‌కి సిద్ధంగా దొరికే చట్రం) వాడాలి, జాంగోనా, ఫ్లాస్కా, స్ట్రీమ్‌లిటా అని అడిగావు. పేర్లు కాసేపు పక్కన పెట్టు. వాడే మనిషి తెర మీది స్లైడర్ (విలువ మార్చే జారుడు మీట) కదిపినప్పుడు ఏ ఫైలు మళ్లీ చదవాలి, ఏ లెక్క మళ్లీ చెయ్యాలి, ఏ ప్లాటు మారాలి, ఏది కదలకుండా ఉండాలి? ఇవి కాగితం మీద రాసుకో. అది రాయడం పూర్తయ్యేసరికి జాబితాలో సగం పేర్లు రాలిపోతాయి.

స్ట్రీమ్‌లిట్‌లో ఏ విడ్జెట్ (స్లైడర్, బటన్ లాంటిది) ముట్టుకున్నా మామూలుగా స్క్రిప్టు మొదటి లైను నుంచి చివరిదాకా మళ్లీ నడుస్తుంది. రాయడం అంత తేలిక కావడానికి కారణం అదే, నత్తనడక నడవడానికీ కారణం అదే. సీఎస్‌వీ (పట్టిక డేటా ఉండే టెక్స్ట్ ఫైలు) చదివే లైను ఊరికే పైన పెట్టావంటే ప్రతి కదలికకీ ఫైలు మొత్తం చదువుతుంది. ఆ పనిని ఫంక్షన్‌లో పెట్టి, పైన క్యాష్ డేటా డెకరేటర్ (ఒకసారి వచ్చిన ఫలితాన్ని దాచి మళ్లీ ఇచ్చేలా ఫంక్షన్ మీద రాసే గుర్తు) తగిలించు. డేటాబేస్ కనెక్షన్‌కీ, మోడల్‌కీ క్యాష్ రిసోర్స్ వాడు. మొదటిది అడిగిన ప్రతిసారీ కాపీ ఇస్తుంది. రెండోది ఒకే వస్తువును అందరికీ పంచుతుంది కాబట్టి, ఒకరి సెషన్‌లో దాన్ని మారిస్తే అందరికీ మారిపోతుంది. ఇంకో చిక్కుంది. ఫంక్షన్‌కి ఫైలు పేరొక్కటే ఇస్తే, లోపలి డేటా మారినా క్యాష్ పాతదే చూపిస్తుంది. ఫైలు మారిన సమయాన్నీ ఆర్గ్యుమెంటుగా పంపు. క్యాష్‌కి గడువో, ఎంట్రీల హద్దో పెట్టకపోతే మెమరీ పెరుగుతూనే ఉంటుంది.

డాష్ అని ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, దాని దారి వేరు. వెనకాల సర్వర్‌లో ఫ్లాస్క్, బ్రౌజర్‌లో రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. ఏ ఇన్‌పుట్ మారితే ఏ అవుట్‌పుట్ మారాలో కాల్‌బ్యాక్‌లో (ఇన్‌పుట్ మారగానే నడిచే ఫంక్షన్‌లో) నువ్వే చెబుతావు, అంతవరకే నడుస్తుంది. ఒకదానితో ఒకటి ముడిపడిన ఐదారు ప్లాట్లు, ఒక ప్లాటులో ఎంచుకున్న బిందువులే పక్క ప్లాటులో వెలగడం లాంటివి కావాలంటే నా ఓటు దీనికే. కొత్తవాళ్లు పడే గొయ్యి గ్లోబల్ వేరియబుల్. ఫిల్టర్ చేసిన డేటాఫ్రేమ్‌ను (పాండాస్ లైబ్రరీ వాడే పట్టికను) అందులో దాచితే నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. సర్వర్‌లో 4 వర్కర్లు (అదే యాప్‌ను విడివిడిగా నడిపే ప్రాసెస్‌లు) పెట్టగానే ఒకరి ఫిల్టర్ ఇంకొకరికి కనిపిస్తుంది, లేదా పెట్టిన ఫిల్టరే మాయమవుతుంది. పోనీ డాష్‌లోని స్టోర్ కాంపోనెంట్‌లో పెడదామంటే, అది ఉండేది బ్రౌజర్‌లో. పెద్ద పట్టిక ప్రతి కాల్‌బ్యాక్‌కీ నెట్‌వర్క్ మీద అటూ ఇటూ తిరుగుతుంది. స్టోర్‌లో గుర్తింపు సంఖ్య మాత్రం ఉంచు, డేటా రెడిస్ అనే మెమరీ డేటాబేస్‌లోనో డిస్కు మీదో పెట్టు.

ఆర్ భాషలో పని చేసేవాళ్లయితే షైనీ అనే ఫ్రేమ్‌వర్క్ తీసుకోవచ్చు, ఇంక ఆలోచన అక్కర్లేదు.

ఫ్రేమ్‌వర్క్ కంటే ఎక్కువగా యాప్‌ను ముంచేది బిందువుల సంఖ్య. 10 లక్షల బిందువులను పూర్తి దశాంశాలతో జేసన్‌గా (డేటాను అక్షరాలుగా రాసే పద్ధతిలో) పంపితే, ఒక్కో బిందువుకు 40 అక్షరాల చొప్పున దాదాపు 40 ఎంబీ. అదే బైనరీలో 16 ఎంబీ. చూసేవాడి తెరేమో 1,200 పిక్సెళ్ల వెడల్పు! గీత ప్లాటుకు ఒక్కో పిక్సెల్ నిలువుకు కనిష్ఠం, గరిష్ఠం తీసి పంపు, 2,400 బిందువులతో దాదాపు అదే బొమ్మ వస్తుంది. సగటు మాత్రం తియ్యకు, క్షణంపాటు వచ్చి పోయిన శిఖరాన్ని మింగేస్తుంది. జూమ్ చేసినప్పుడు ఆ పరిధికి మళ్లీ లెక్కకట్టి పంపు. చుక్కల ప్లాటయితే డేటాషేడర్ లైబ్రరీతో సర్వర్‌లోనే బొమ్మగా మార్చు. ప్లాట్లీలో (డాష్ ప్లాట్లు గీసే లైబ్రరీలో) వెబ్‌జీఎల్ రకం (గ్రాఫిక్స్ చిప్‌తో గీసేది) వాడితే వేగం వస్తుంది నిజమే. కానీ ఒకే పేజీలో అలాంటివి చాలా పెడితే బ్రౌజర్ తన హద్దు దాటగానే పాతవాటిని వదిలేస్తుంది, ప్లాట్లు ఖాళీ అవుతాయి.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతో బొమ్మల్ని సర్వర్‌లో గీస్తే, అందులోని పైప్లాట్ భాగం జోలికి పోకు. అది ప్రతి ఫిగర్‌నీ గుర్తుపెట్టుకుంటుంది, మూసేదాకా మెమరీ వదలదు, పైగా థ్రెడ్ల మధ్య భద్రం కాదు. ఫిగర్ ఆబ్జెక్ట్‌ను నేరుగా చేసుకుని మెమరీ బఫర్‌లోకి సేవ్ చెయ్యి.

లాగిన్లు, ఎవరికి ఏ డేటా కనపడాలన్న అనుమతులు, చేత్తో సరిదిద్దే రికార్డులు ఉంటే జాంగో. అడ్మిన్ పేజీలు దానితోనే వస్తాయి, ప్లాటు అందులో ఒక మూల మాత్రమే. బ్రౌజర్‌లో కనిపించే ముందుభాగాన్ని వేరే బృందం జావాస్క్రిప్ట్‌లో రాస్తుంటే, వాళ్లకు డేటా అందించడానికి ఫాస్ట్‌ఏపీఐ. అందులో పాండాస్ లెక్కను అసింక్ ఫంక్షన్‌లో పెట్టకు. లెక్క తెమిలేదాకా ఆ వర్కర్‌లో మిగతా అభ్యర్థనలన్నీ ఆగిపోతాయి. మామూలు ఫంక్షన్‌గా రాస్తే థ్రెడ్‌కి వెళుతుంది. పైథాన్ మామూలు జేసన్ మాడ్యూల్ పాండాస్‌లోని ఖాళీ విలువను నాన్ (NaN) అని రాస్తుంది, బ్రౌజర్ దాన్ని జేసన్‌గా ఒప్పుకోదు. పంపేముందు నల్‌గా మార్చు.

సర్వర్‌కి ఎక్కించాక లెక్క మధ్యలో తెగిపోతే ముందు గడువులు చూడు: పైథాన్ యాప్‌ను నడిపే గునికార్న్ సర్వర్‌కి మామూలుగా 30 సెకన్లు, దాని ముందు నిలబడి అభ్యర్థనలు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీకి 60. గడువు పెంచుకుంటూ పోవడం మందు కాదు, పొడవాటి లెక్కను వెనకాల పనులు నడిపే సెలరీ లాంటి క్యూకి అప్పగించు. ఎన్‌జిన్‌ఎక్స్ అప్‌లోడ్ హద్దు కూడా మొదట 1 ఎంబీయే. స్ట్రీమ్‌లిట్ తెల్లపేజీతో నిలిచిపోతే, ప్రాక్సీ వెబ్‌సాకెట్‌ను (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్‌ను) దాటనిస్తోందో లేదో చూడు. 2 జీబీ డేటాను ఒక్కో వర్కర్ విడిగా లోడ్ చేస్తే 4 వర్కర్లకు 8 జీబీ అవుతుందని మరిచిపోకు. పార్కే (కాలమ్‌ల వారీగా దాచే ఫైలు రకం)లో దాచి, కావలసిన కాలమ్‌లే చదువు.

దేన్ని ఎంచుకున్నా విశ్లేషణ కోడ్‌ను వేరే మాడ్యూల్‌లో ఉంచు. అందులో ఫ్రేమ్‌వర్క్ ఇంపోర్ట్ ఒక్కటి కూడా కనపడకూడదు. డేటాఫ్రేమ్ తీసుకుని డేటాఫ్రేమ్ ఇచ్చే ఫంక్షన్లే ఉండాలి. అప్పుడు బ్రౌజర్ తెరవకుండానే పరీక్షించవచ్చు, రేపు స్ట్రీమ్‌లిట్ నుంచి డాష్‌కి మారాల్సొస్తే పైపొర ఒక్కటే మారుతుంది.

చివరికి రెండు ఫ్రేమ్‌వర్కులు మిగిలితే, నీ యాప్‌లో అన్నిటికన్నా కష్టమైన పేజీని రెండిటిలోనూ ఒక్కో పూటలో కట్టు. నమూనా డేటాతో కాదు, అసలు సైజు డేటాతో. రెండు బ్రౌజర్లలో తెరిచి, రెండిటిలో వేర్వేరు ఫిల్టర్లు పెట్టి చూడు.

ఆ కాగితం రాశాక నాకు పంపు. వరుసలు ఎన్ని, ఒకేసారి వాడేవాళ్లు ఎందరు, అన్నిటికన్నా నిదానమైన లెక్కకు ఎన్ని సెకన్లు పడుతోంది, ఈ మూడు అంకెలూ దాని వెనక రాయి.

ఆశీస్సులతో.