బూలోన్-బియాంకూర్ ఫ్యాక్టరీల ఊరా, డబ్బున్నవాళ్ల ఊరా?

పారిస్ పక్కనున్న బూలోన్-బియాంకూర్‌లో ఉద్యోగం వచ్చిందనీ, అది కార్మికుల ఊరని ఒకరు, ఖరీదైన ఊరని ఇంకొకరు అంటున్నారనీ రాశారు. నేను అక్కడ కొన్నేళ్లు ఉన్నాను. రెండూ నిజమేనండీ. ఎందుకో తెలియాలంటే ముందు మ్యాప్ చూడాలి.

పారిస్ దాటగానే సేన్ నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు లోపలి చదును నేలే ఈ ఊరు. నది అవతల మ్యుదోన్, సెవ్ర్ గుట్టలు. ఊరికి ఉత్తరాన బూలోన్ అడవి ఉంది, దాన్ని ఆనుకుని సంపన్నుల ఇళ్లు వచ్చాయి. దక్షిణాన ఏటి ఒడ్డున ఉన్నది బియాంకూర్. దాన్ని 1860లోనే బూలోన్‌లో కలిపారు.

1898లో లూయీ రెనో అనే 21 ఏళ్ల కుర్రాడు ఆ బియాంకూర్‌లోనే, తల్లిదండ్రుల ఇంటి తోటలోని షెడ్డులో తన మొదటి కారు తయారుచేశాడు. చుట్టూ ఖాళీ స్థలం, సరుకు పడవల్లో తెచ్చుకోవడానికి నది, కూతవేటు దూరంలో పారిస్. ఇంకేం కావాలి? వ్వాజాఁ, ఫర్మాన్ విమాన ఫ్యాక్టరీలు కూడా ఈ ఒడ్డునే వెలిశాయి. రెనో ఫ్యాక్టరీ మాత్రం వీధులకు వీధులనే కలుపుకుంటూ పోయి, నది మధ్యలోని సెగాఁ దీవిదాకా పాకింది. వరదలు ముంచకుండా దీవి నేలను ఎత్తు పెంచి, సొంత కరెంటు ప్లాంటుతో సహా 1929-34 మధ్య అక్కడ భారీ ఫ్యాక్టరీ కట్టారు. నీళ్ల మీద నిలిచిన ఓడలా ఉండేదని పాతవాళ్లు చెప్పేవారు.

జర్మన్ల ఆక్రమణలో రెనో వాళ్లకోసం లారీలు తయారుచేసింది. అందుకని 1942 మార్చి 3 రాత్రి బ్రిటిష్ విమానాలు బాంబులు వేస్తే, చుట్టుపక్కల ఇళ్లలో వందల మంది చనిపోయారు. 1945లో కంపెనీ ప్రభుత్వపరం అయింది.

మొదట్లో కలిసొచ్చిన నదే చివరికి అడ్డయింది. దీవిలో ఫ్యాక్టరీని అంతస్తుల మీద అంతస్తులుగా కట్టారు, కొత్త పద్ధతులకు కావలసిన విశాలమైన చోటు అక్కడ లేదు. 1952లోనే సేన్ వెంబడి ఇంకా కిందికి ఫ్లాఁ అనే చోట మరో ఫ్యాక్టరీ తెరిచారు. 1992 మార్చిలో దీవిలోది మూతపడింది, 2005 నాటికి దాదాపు మొత్తం కూల్చేశారు. ఇప్పుడు అక్కడ 2017లో తెరిచిన సంగీత భవనం ఉంది. ఇవతలి ఒడ్డున ఫ్యాక్టరీ స్థలంలో అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు వచ్చాయి. మీ ఆఫీసు కూడా బహుశా అటే ఉంటుంది. అద్దెలు బాగా ఎక్కువ, మెట్రో 9వ లైను మాత్రం ఊరి గుండానే పోతుంది.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. అల్జీరియా నుంచి వచ్చి జీవితమంతా ఈ కన్వేయర్ల దగ్గర గడిపినవాళ్లు ఎందరో. ఆ కొత్త వీధుల్లో నడుస్తుంటే వాళ్ల ఆనవాళ్లు పెద్దగా కనిపించవు. కానీ మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏడాదికి ఐదు వారాల జీతంతో కూడిన సెలవు అని ఉంటుంది చూడండి. అందులో మూడో వారాన్ని 1955లో, నాలుగోదాన్ని 1962లో రెనో కార్మికులు తమ కంపెనీతో ఒప్పందం చేసుకుని సాధించారు. దేశమంతటికీ చట్టం అయింది ఆ తర్వాతే.