ఇనిట్‌డీబీకి ‘కమాండ్ నాట్ ఫౌండ్’ ఎర్రర్

ఉబుంటులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ అయ్యాక కూడా, కొత్త క్లస్టరును (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌ల సమూహాన్ని) సృష్టించే ఇనిట్‌డీబీ కమాండుకు ఈ ఎర్రర్ వస్తోందంటే, చాలావరకు ఆ ప్రోగ్రామ్ ఉన్న /యూఎస్ఆర్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/బిన్ ఫోల్డరు మీ పాత్‌లో (కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) లేదని అర్థం. 16 స్థానంలో మీ వెర్షన్ సంఖ్య ఉంటుంది.

1. ఎల్ఎస్ కమాండుతో ఆ ఫోల్డరును చూడండి. ఇనిట్‌డీబీ అక్కడ లేకపోతే సర్వర్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి.

2. చాలామంది గమనించనిది ఇదే: షెల్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైలులో పాత్ సరిచేసినా, సుడోతో పోస్ట్‌గ్రెస్ యూజరుగా నడిపినప్పుడు సుడో మీ పాత్‌ను పక్కనపెట్టి, తన సెట్టింగులుండే సుడోయర్స్ ఫైలులోని సెక్యూర్_పాత్‌లో పేర్కొన్న ఫోల్డర్లలోనే వెతుకుతుంది కాబట్టి అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. సుడో కమాండులో ఇనిట్‌డీబీ అని మాత్రమే కాకుండా, పై ఫోల్డరుతో సహా పూర్తి పాత్ రాయండి.

అయితే ఉబుంటులో సర్వర్ ప్యాకేజీ సాధారణంగా ‘మెయిన్’ అనే క్లస్టరును తానే సృష్టిస్తుంది. ముందు క్లస్టర్ల జాబితా చూపే పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కమాండు నడపండి. ‘మెయిన్’ ఆ జాబితాలో కనిపిస్తే ఇనిట్‌డీబీ అవసరమే లేదు.