కెమెరా మెమరీ కార్డును చదవడం లేదు, ఏం చేయాలి?

పర్లాకిమిడిలో పెళ్లి ఫోటోలు తీస్తుండగా మీ పాత డిజిటల్ కెమెరా ‘కార్డ్ ఎర్రర్’ అని ఆగిపోయిందన్నారు. ఫార్మాట్ చేయమని అడుగుతుంది, చచ్చినా చేయకండి. కెమెరా ఆపేసి, కార్డు తీసి, రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టండి. ఫోటోలు కనబడితే కాపీ చేసుకోండి. లేకపోతే ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెనక్కి లాగి చూడొచ్చు. లాగినవాటిని మళ్లీ అదే కార్డులో దాచకండి.

తర్వాత తప్పు ఎవరిదో తేలాలి. ఇంకో కార్డు వేసి చూడండి, అది పనిచేస్తే కెమెరా బాగున్నట్టే. అయితే 64 జీబీ కార్డు వేసి చూడొద్దు. 32 జీబీ దాటినవి ఎస్‌డీఎక్స్‌సీ రకం. అది 2009లో వచ్చింది, అంతకుముందు కెమెరాలకు దాని సంగతి తెలీదు.

ఏ కార్డూ చదవకపోతే మురికి అనుకోండి. మా గుణుపురం వైపు వానాకాలంలో బీరువాలో బట్టలకే బూజు పడుతుంది, ఇక ఈ సన్నటి కాంటాక్టులెంత! కార్డు వెనక పసుపు పట్టీలు మసకబారితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులపండి. స్లాట్‌కి మాత్రం రబ్బరు వద్దు. బ్యాటరీ తీసేసి, పట్టీలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా అద్దిన పనికిరాని కార్డును నాలుగైదుసార్లు దూర్చి తీసి, బాగా ఆరనివ్వండి.

టార్చి వేసి చూస్తే లోపలి పిన్నులు వరసగా కనబడాలి. ఒకటి వంగినా రిపేరు దుకాణమే గతి. పిన్నీసుతో లేపబోయి నేనొకటి విరగ్గొట్టాను.