వర్డ్‌లో ఫార్మాట్ పెయింటర్ ఒక్క హెడింగ్‌కే ఆగిపోతుంటే

ఫార్మాట్ పెయింటర్ అంటే ఒక చోటి ఫాంట్, రంగు, అలైన్‌మెంట్ వంటివాటిని మరో చోటికి కాపీ చేసే బ్రష్ గుర్తు. దానితో 40 హెడింగ్‌లను ఒకేలా మార్చబోతే ప్రతిసారీ మళ్లీ పైకి వెళ్లాల్సి వస్తోందని, పైగా సెంటర్ అలైన్‌మెంట్, లైన్ల మధ్య ఖాళీ రావడం లేదని మీరడిగారు. మీరు బ్రష్ గుర్తు మీద ఒక్కసారే క్లిక్ చేస్తున్నట్టున్నారు. అలా చేస్తే అది ఒక్క హెడింగ్‌కే పనిచేసి ఆగిపోతుంది. మీ 40 హెడింగ్‌లకూ మళ్లీ మళ్లీ పైకి వెళ్లాల్సి రావడం అందుకే.

1. సరిగ్గా ఉన్న హెడింగ్ మీద వెంటవెంటనే మూడుసార్లు క్లిక్ చేయండి, పేరా మొత్తం సెలెక్ట్ అవుతుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఒకటి రెండు మాటలే సెలెక్ట్ చేస్తే ఫాంట్, రంగు వస్తాయి గానీ సెంటర్ అలైన్‌మెంట్, లైన్ల మధ్య ఖాళీ రావు. మీరడిగిన రెండో సమస్యకూ బహుశా ఇదే కారణం.

2. హోమ్ ట్యాబ్‌లో బ్రష్ మీద డబుల్ క్లిక్ చేయండి.

3. కిందికి వెళ్తూ ఒక్కో హెడింగ్‌కు ఎడమ మార్జిన్‌లో ఒక్క క్లిక్ చాలు. రెండు లైన్ల హెడింగ్ అయితే మార్జిన్‌లోనే కిందికి లాగండి.

4. అయ్యాక ఎస్కేప్ నొక్కండి.