పాత తెరచాప పడవ బేరం

ప్రశ్న: పాత ఫైబర్ తెరచాప పడవ బేరానికొచ్చింది. అంతర్వేది దగ్గర పాయలో కట్టుకుని సముద్రంలోకి తిప్పాలని ఉంది. ఏమేం చూడాలి? – ఓ పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: ఒడ్డుకెక్కించి చూడందే బయానా ఇవ్వకండి. అడుగంతా ప్లాస్టిక్ సుత్తితో తట్టండి. టంగుమనకుండా మొద్దుగా మోగిన చోట పొరలు విడిపోయాయనో, నీరు చేరిందనో అనుమానించాలి. అడుగున పొక్కిన బుడిపె గుచ్చితే వెనిగర్ వాసనొచ్చే ద్రవం కారిందా, నీరు రెసిన్‌లోకి, అంటే ఫైబర్ పొరల్ని అతికించే జిగురులోకి దిగినట్టే. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు పైకి మెరుస్తూనే ఉంటాయి. తెగేది ఎక్కువగా కొసన, బిగింపు దగ్గర. అక్కడ ఒక్క పోగు విరిగినా ఆ తీగ మార్చాల్సిందే, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే. ఉప్పూ మంచీ కలిసే మన పాయనీళ్లకు జింక్ కన్నా అల్యూమినియం యానోడ్ (పడవ లోహభాగాల బదులు తాను తుప్పుపట్టి అరిగిపోయే దిమ్మ) మేలు. సగం అరగ్గానే మార్చండి. వరద ఒండ్రు ఇంజన్ నీళ్లపంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ని (నీళ్లు తోసే రెక్కల చక్రాన్ని) అరగదీస్తుంది. స్పేర్‌వి రెండు ఉంచుకోండి.