పార్ట్‌టైమ్ మార్కెటింగ్‌కు మనిషి సరే, పేజీ ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: హైదరాబాద్ ఏ.ఎస్.రావు నగర్‌లో ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి ఇన్‌స్టా, వాట్సాప్‌లలో అమ్ముతున్నాను. పార్ట్‌టైమ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌ను పెట్టుకోవాలి. ఫ్రీలాన్సర్లు దొరికే సైట్లలో ఏది మంచిది?

జవాబు: బొటీక్ నడిపేవాళ్ళు, ట్యూషన్ సెంటర్ వాళ్ళు, ఇప్పుడు మీరు. అందరూ ‘ఏ సైటు?’ అనే అడుగుతున్నారు. వచ్చిన మనిషికి ఏమేం అప్పగించాలని మాత్రం ఒక్కరూ అడగరు.

ముందు సైటు సంగతి తేల్చేద్దాం. కొన్నింటిలో పని వివరం మీరు పెడితే అభ్యర్థులు ఎగబడతారు. కొన్నింటిలో సైటువాళ్ళే వడపోసి ఇద్దరు ముగ్గురిని చూపిస్తారు. ఈ రెండో రకం రేట్లు డాలర్లలో, పెద్ద కంపెనీలకు తగ్గట్టు ఉంటాయి. మీకు మొదటి రకమే నయం. అయితే అక్కడ ప్రపోజల్స్ గుట్టలుగా వచ్చిపడతాయి. చాలావరకు ఏఐ రాసినవే, మీరు పెట్టిన వాక్యాలనే తిప్పి మీకు అప్పజెబుతాయి. అందుకని ప్రకటనలోనే ఒక ప్రశ్న పెట్టండి: ‘అరకిలో ఆవకాయ డబ్బా ఒక్కటే, ఈసీఐఎల్ చుట్టూ పది కిలోమీటర్లలోపు అమ్మాలి. యాడ్ ఖర్చు రోజుకు 300 రూపాయలు. మొదటి వారం ఏం చేస్తారు?’ జవాబు తెలుగులో రాయమనండి. పని తెలిసినవాళ్ళు ‘వాట్సాప్‌కు వచ్చే మెసేజ్‌లకు రిప్లై ఎవరిస్తారు, ఎంతసేపట్లో?’ అని మిమ్మల్నే ఎదురడుగుతారు. తెలియనివాళ్ళు బ్రాండ్ అవేర్‌నెస్‌తో మొదలెడతారు.

పాత పనుల స్క్రీన్‌షాట్లు చూసి మురిసిపోకండి. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కితే తెరమీది ఏ అంకెనైనా మార్చుకోవచ్చు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి, వాళ్ళ సొంత యాడ్ అకౌంట్ మీ ఎదుటే తెరవమనండి.

డబ్బు విషయానికొస్తే, ఫిక్స్‌డ్ రేటు పనికి మీ సొమ్ము ముందే సైటు దగ్గర జమవుతుంది. పని అప్పగించాక మీరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే కొన్నిచోట్ల మూడు రోజులకు, కొన్నిచోట్ల 14 రోజులకు దానంతటదే విడుదలైపోతుంది. ఆవకాయ సీజన్‌లో ఫోన్ చూసే తీరిక లేకపోయిందంటే ఎవరూ వినరు. ‘కమీషన్ దండగ మేడమ్, యూపీఐ చేసేయండి’ అంటే ఒప్పుకోకండి. ఆ రక్షణ పోతుంది. పైగా సైటులో పరిచయమైనవాళ్ళకు రెండేళ్ళపాటు బయట చెల్లించకూడదనే షరతు కొన్నిచోట్ల ఉంది.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. పని ఒప్పుకున్న రాత్రే మెసేజ్ వస్తుంది: ‘మేడమ్, ఇన్‌స్టా లాగిన్ అవుతున్నా, ఓటీపీ వస్తుంది చూడండి.’ చెప్పేస్తారు. ఆ క్షణం నుంచి పేజీ మీది కాదు. రికవరీ మెయిల్, ఫోన్ నంబర్ మార్చడానికి ఎంతసేపు? పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. మీ పేరు మీద మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాల సొంతదారు కంపెనీ) బిజినెస్ ఖాతా తెరిచి, ఫేస్‌బుక్ పేజీని, ఇన్‌స్టాను దానికి కలపండి. వచ్చినవాళ్ళకు పోస్టులు, మెసేజ్‌లు, యాడ్స్ వరకే అనుమతి ఇవ్వండి. ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చారో, వాళ్ళు మిమ్మల్నే బయటకు పంపగలరు. గూగుల్ యాడ్స్‌లో ‘స్టాండర్డ్’ చాలు, ‘అడ్మిన్’ వద్దు. మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌కు మేనేజర్‌గా చేర్చండి, ఓనర్‌గా కాదు. ‘నా యాడ్ అకౌంట్ నుంచే నడిపిస్తా’ అన్నా వద్దనండి. రేపు వాళ్ళు మానేస్తే, మీ డబ్బుతో పోగైన కస్టమర్ల డేటా కూడా వాళ్ళతోనే పోతుంది. మీ సొంత కార్డే పెట్టి, అకౌంట్ మొత్తానికి స్పెండింగ్ లిమిట్ బిగించండి.

దీనికన్నా ప్రమాదం జిప్ ఫైల్. ‘పోర్ట్‌ఫోలియో పంపాను, ల్యాప్‌టాప్‌లో తెరవండి’ అంటారు. లోపల నాలుగు ఫొటోలు, పీడీఎఫ్ బొమ్మ తగిలించుకున్న ఒక ప్రోగ్రామ్. ఫిన్లాండ్‌కు చెందిన విత్‌సెక్యూర్ సంస్థ 2022లో బయటపెట్టిన డక్‌టెయిల్ మాల్వేర్ (దొంగ ప్రోగ్రామ్) ఈ దారినే వచ్చింది. దాని గురి ఫేస్‌బుక్ బిజినెస్ ఖాతాల మీదే. అది పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. మీరు అప్పటికే లాగినై ఉన్నారని గుర్తుపెట్టుకునే బ్రౌజర్ కుకీలను ఎత్తుకుపోతుంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లోనే ఉంటుంది, ఖాతా మాత్రం పోతుంది. పని నమూనాలను లింకుగానే అడగండి, ఫోన్‌లో చూడండి.

ఇక్కడ తప్పు మీ ఒక్కరిదే అంటే అన్యాయం. అది పీడీఎఫ్‌నో ప్రోగ్రామో చెప్పేది ఫైల్ పేరు చివరుండే ఎక్స్‌టెన్షన్ (.pdf, .exe లాంటి తోక). దాన్ని దాచిపెట్టే సెట్టింగ్ చాలా కంప్యూటర్లలో కొన్నరోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. ఎవరి సుఖం కోసమో ఏళ్ళ తరబడి అలాగే ఉంచారు. ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌లలో పోస్టును యాడ్‌గా మార్చే ‘బూస్ట్’ బటన్ ప్రతి పోస్టు కిందా నిగనిగలాడుతూ కనిపిస్తుంది, ఒక్క నొక్కుకు డబ్బు లాగడానికి సిద్ధం. ఎవరికి ఏ అనుమతి ఉందో చూపే తెర కోసం మెనూలో మెనూ తవ్వుకుంటూ పోవాలి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా దాని చోటు, పేరు మారతాయి. బూస్ట్ బటన్ ఏనాడైనా చోటు మారి కనిపించకుండా పోయిందా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను, రోజూ సాయంత్రాలు ఒక కంపెనీకి ఆన్‌లైన్‌లో మార్కెటింగ్ పని చేస్తున్నాను. స్క్రీన్‌షాట్లు తీసే టైమ్ ట్రాకర్ వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా?

జవాబు: గంటల లెక్కన పని ఇచ్చే పెద్ద సైట్లలో ఇది మామూలే. ఉజ్జాయింపుగా పది నిమిషాలకొక స్క్రీన్‌షాట్ తీస్తుంది. ఇబ్బందికరమైనది పడితే తీసేయొచ్చు, కానీ ఆ పది నిమిషాల డబ్బు కూడా పోతుంది. సైటు ఇచ్చిన ట్రాకర్ అయితే వేసుకోండి. కంపెనీవాళ్ళు విడిగా పంపిన ఫైల్ అయితే వద్దు. ల్యాప్‌టాప్‌లో పని కోసం వేరే యూజర్ ఖాతా పెట్టుకుని, అందులో వాట్సాప్ వెబ్, బ్యాంకు సైటు తెరవకండి. మౌస్ కదలికలు లెక్కపెట్టి మార్కెటింగ్ ఆలోచనకు కూలి కట్టే ఈ పద్ధతి నాకు నచ్చదు. కానీ బిల్లు మీద తగాదా వస్తే ఆ స్క్రీన్‌షాట్లే మీ సాక్ష్యం.

ప్రశ్న: నా ఫ్రీలాన్సర్ ప్రొఫైల్ ‘వెరిఫై’ చేస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని నంబర్ బ్లాక్ చేశారు. ఏం చేయాలి?

జవాబు: ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.