షాకులు మార్చినా శబ్దం పోలేదు

ప్రశ్న: మేస్త్రీ గారూ, నాకు పికప్ ఉంది. ఇసకపల్లి వైపు గుంటల దగ్గర నుంచి రొయ్యలు తోలుతాను. కొన్నాళ్లుగా ముందు ఎడమ పక్క ‘డక్, డక్’ అని శబ్దం. గుంట గట్ల మీద, ఊళ్లో గతుకుల్లో మెల్లగా పోయేటప్పుడే వస్తుంది. హైవే ఎక్కితే ఉండదు. ఒక షెడ్డులో షాక్ అబ్జార్బర్లు మార్చారు, ఇంకో షెడ్డులో చక్రాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే కింది ఆర్మ్ రబ్బరు బుష్‌లు వేశారు. డబ్బు పోయింది గానీ శబ్దం పోలేదు. జాకీ మీద ఎత్తి చక్రం ఊపితే లూజేమీ లేదంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, అల్లూరు మండలం

జవాబు: తమ్ముడూ, సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. చక్రం తిరిగే హబ్ బేరింగ్ పోతే వేగం పెరిగేకొద్దీ గుయ్‌మని మోగుతుంది. నీది మెల్లగా పోయేటప్పుడు, అదీ గతుకుల్లోనే డక్కుమంటోంది. నా అనుమానం స్టెబిలైజర్ బార్ లింకు మీద. ముందు రెండు చక్రాల పక్కల్నీ కలుపుతూ, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ ఆ బారు. దాన్ని చక్రం పక్కకు కలిపే చిన్న రాడ్డే లింకు. అలాగని నా మాట మీద అదీ కొనేయకు. ఈ డక్కు శబ్దానికి మన షెడ్లలో చేతికందిన సామాను మార్చేస్తారు. బండి ఎప్పుడు మోగుతోంది, ఎప్పుడు మోగట్లేదు అని అడిగేవాళ్లు తక్కువ.

మొదట సీటు కింద ఉన్న జాకీ, రాడ్డు, పానాలు తీసి ఇంట్లో పెట్టు. నవ్వకు, వాటి చప్పుడుకే షాకులు మార్పించుకున్నవాళ్లున్నారు. చక్రాలు ఇన్నిసార్లు ఊడదీశారు కాబట్టి నట్లు కూడా బిగువుగా ఉన్నాయేమో చూసుకో.

తర్వాత ఖాళీ బండితో ఒక స్పీడ్ బ్రేకర్‌ను నిటారుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటు. మళ్లీ తిరిగొచ్చి ఎడమ చక్రం ఒక్కటే ఎక్కేలా పక్కనుంచి దాటు. రెండూ కలిసి ఎక్కితే బారు మెలిపడదు, లింకుకు పెద్దగా పని ఉండదు. ఒక్కటే ఎక్కితే బారు మెలిపడి లింకును లాగుతుంది. రెండోసారే మోగితే దొంగ దొరికినట్టే. గతుకుల్లో బ్రేకు లేతగా తొక్కిపెట్టి కూడా చూడు. అప్పుడు శబ్దం ఆగిపోతే బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులో, ప్యాడ్లో లూజన్నమాట.

మరి జాకీ మీద ఎందుకు దొరకలేదంటావా? ముందు రెండు చక్రాలూ గాల్లో వేలాడితే బారుకు మెలి ఉండదు, అరిగిన లింకు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. దాన్ని బరువు నేల మీద ఉన్నప్పుడే చూడాలి. ఇంజన్ ఆపి, స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టు. ఇంకొకరిని బండి ముందు భాగాన్ని పక్కకు గట్టిగా ఊపమని, నువ్వు లింకు జాయింటు మీద వేళ్లు ఆనించు. చెవికి వినపడకపోయినా లోపలి దెబ్బ వేలికి తెలుస్తుంది. వేళ్లు మాత్రం సందుల్లోకి పోనీకు.

ఇంకా అనుమానముంటే రెండు పక్కలా లింకులు విప్పి, బారు టైరుకూ బ్రేకు పైపుకూ తగలకుండా కట్టి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా కొంచెం దూరం నడిపి చూడు. మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది, కాబట్టి లోడు వద్దు, హైవే అసలే వద్దు. శబ్దం పోతే లింకులు జతగా మార్చి, బారును చాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు బుష్‌లూ వేయించు.

లింకు కాదని తేలితే, కొత్తగా వేసిన ఆర్మ్ బుష్‌ల దగ్గరికి రా. చాలామంది చక్రం వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి దించగానే ఆ రబ్బరు మెలిపడి, అలాగే పనిచేసి తొందరగా చిరుగుతుంది. బోల్టు వదులు చేసి, బరువు చక్రాల మీద పడ్డాక కంపెనీ చెప్పిన టార్క్‌కు, అంటే చెప్పినంత బిగువుకే బిగించమను.

ఆర్మ్‌ను చక్రం పక్కకు కలిపే బాల్ జాయింటు రబ్బరు బూటు చిరిగిందేమో కూడా చూడు. గుంటల దగ్గర ఉప్పు బురద లోపలికి పోతే ఎక్కువ కాలం ఆగదు. నీ బండిలో స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటే, జాకీని చాసిస్ కింద కాకుండా ఆ ఆర్మ్ కిందే పెట్టి చూడాలి, లేకపోతే లూజు బయటపడదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకు, స్టాండు పెట్టు. గట్టు మట్టి మీద ఈ పనే వద్దు. జాయింటులో లూజు కనిపిస్తే ఆ రోజు బండి తీయొద్దు. అది ఊడితే చక్రం పడిపోతుంది.

తుప్పు పట్టకుండా కింద డీజిలూ పాత ఆయిలూ కొట్టించే అలవాటుంటే రబ్బర్ల మీద పడనీకు. రెండు రోజులు శబ్దం తగ్గినట్టుంటుంది గానీ, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

లింకులు మారిస్తే చక్రాలను సూటిగా సరిచేసే అలైన్‌మెంట్ అక్కర్లేదు. బాల్ జాయింటో, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండో మార్చాల్సి వస్తే మాత్రం కావలిలోనో నెల్లూరులోనో అది చేయించాకే లోడు ఎత్తు.